గని గుంత పక్క బోరు పోస్తాంది, కిలోమీటరు అవతల మాది ఎండింది. ఎట్ల?

చీనీతోట (తాడిపత్రి వైపు), డిసెంబర్ 11

అన్నలకు, అక్కలకు నమస్కారం. మూడేండ్లుగా ఈ ఫోరంలో చదువుతాండా గానీ ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు అవసరం పడింది.

మాది తాడిపత్రికీ కొలిమిగుండ్లకీ మధ్యలో ఒక పల్లె. నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట, చెట్లకు పదమూడేండ్లు. 2011లో వేసిన బోరు, 210 అడుగులు. 95 అడుగుల కాడ జల (నీళ్లూరే రాతి పగులు) తగిలి రెండించుల నీళ్లు పడినాయి. ఏడెనిమిదేండ్లు ఏ దిగులూ లేదు. ఊరికి పడమర ఒక సున్నపురాయి గుంత ఉంది. ఎవరిదని అడగొద్దు, పేర్లు పెట్టను. 2018 నుంచి అది బాగా లోతుకు పోయింది. అడుగున రెండు పెద్ద మోటార్లు పెట్టి రాత్రింబగళ్లు నీళ్లు తోడి వంకలోకి వదుల్తాండారు. అప్పట్నించే మా బోరు తగ్గుతా వచ్చింది. ఈ వినాయక చవితి నుంచి అరగంట పోసి గాలి కొడతాంది.

చిక్కు ఏందంటే, గుంతకు మూడొందల మీటర్లలో మా పెదనాయన బోరు ఉంది. అది ఇప్పటికీ పోస్తాంది. మాది కిలోమీటరు పైనే. ఊర్లో ఎవరికి చెప్పినా "గుంత వల్లయితే ముందు ఆయనది ఎండాల గదా" అంటారు. నాకూ జవాబు లేదు. మొన్న అప్పు చేసి ఇంకో బోరు 620 అడుగులు వేయిస్తే పొడి దుమ్ము లేచింది.

గని తవ్వేటప్పుడు నీళ్లు ఎట్ల మారతాయి, మూసేసినాక తిరిగొస్తాయా? తెలిసినోళ్లు చెప్పండి.

బోరుబండి (ధర్మవరం)

తమ్ముడూ, ముందు బోరు లోపల ఏముందో చూసినావా? కేసింగు (బోరు పైభాగంలో దించే గొట్టం) కింద గరుసు (పొడిపొడి రాతిమట్టి) జారి జల పూడిపోయినా ఇట్లే గాలి కొడతాది. ఫ్లషింగు చేయించు. నేను ఇరవై ఏండ్లుగా బండి మీదే ఉన్నా. ఎండింది అని పిలిచిన బోర్లు కొన్ని ఎండవు, పూడుకుంటాయి అంతే.

620 అడుగుల బోరుకు పాయింటు, అదే వేసే చోటు, ఎవరు చూపించినారు? అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్లు చూసేటోళ్లా?

చీనీతోట

ఫ్లషింగు అయిందన్నా. పూడిక నాలుగడుగులు కూడా రాలేదు. పాయింటు టెంకాయే. నాన్న మాట కాదనలేకపోయినా.

నాపరాయి (బేతంచెర్ల)

ముందే చెప్పేస్తున్నా, నాకు చిన్న నాపరాయి క్వారీ ఉంది. కాబట్టి నా మాటను ఎంత నమ్మాలో మీరే చూసుకోండి.

బోరు ఎండితే క్వారీ, వాన రాకపోతే క్వారీ, ఆఖరికి బిడ్డ పరీక్ష తప్పినా క్వారీ. మా గుంత నలభై అడుగులు లేదు. వానాకాలం నిండుతుంది, ఉగాది దాకా పక్క చేన్లవాళ్లు ఆయిలు ఇంజన్లు పెట్టి తోడుకుంటారు. ఆ నీళ్లకు నేను పైసా అడగను. చుట్టూ బోర్లు బాగానే ఉన్నాయి. 2011లో మీ ఊర్లో ఎన్ని బోర్లుండె, ఇప్పుడెన్ని ఉన్నాయి? అది లెక్క పెట్టుకుని రా, తర్వాత గుంత సంగతి మాట్లాడదాం.

చీనీతోట

అప్పుడు పదకొండు, ఇప్పుడు ముప్పై నాలుగు. దాచేది లేదు.

గరుసునేల (కర్నూలు)

భూగర్భజలాల పనిలోనే రిటైరయ్యాను. మీ ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, అయితే నాపరాయి గారి గుంత వేరు, చీనీతోట చెప్పే గుంత వేరు.

నీటిమట్టానికి పైనే ఆగిన గుంత దాదాపు ఇంకుడు గుంతే. మట్టం కిందికి దిగిన రోజు నుంచి లెక్క మారిపోతుంది. పని సాగాలంటే అడుగు పొడిగా ఉండాలి, అందుకు ఊరిన నీళ్లు ఊరినట్టే తోడెయ్యాలి. అంటే ఆ గుంత ఊరందరి బావుల కన్నా పెద్ద బావి అవుతుంది, అదీ రాత్రీ పగలూ తోడే బావి. చుట్టూ నీటిమట్టం గరాటులా దానివైపు వాలుతుంది. తవ్వకం లోతయ్యే కొద్దీ గరాటు అంచు దూరంగా జరుగుతుంది.

ఇసుకనేలలో ఈ గరాటు గుండ్రంగా ఉంటుంది. రాతినేలలో ఉండదు. అనంతపురం గ్రానైటునే తీసుకోండి. నీళ్లుండేది పైన గరుసులో, కింద పగుళ్లలో. వంద ఘనపుటడుగుల రాయి పిండితే ఒకటి నుంచి మూడు ఘనపుటడుగుల నీళ్లు వస్తాయి. అందుకే కొంచెం తోడినా మట్టం చాలా దిగుతుంది, అదీ పగులు ఎటు పోతే అటు దిగుతుంది.

మీ సున్నపురాయి ఇంకా తిక్కది. నీళ్లకు కరిగి, సందులు కాస్తా సొరంగాలవుతాయి. మీకు బెలుం గుహలు దగ్గరే కదా. 3,229 మీటర్ల ఆ దారులన్నీ ఒకప్పుడు నీళ్లు తొలిచినవే. లోపల పాతాళగంగ ఇవాళ్టికీ పారుతోంది. అలాంటి సందు ఒకటి గుంత గోడకు తగిలిందనుకోండి, కిలోమీటరు అవతల బావి ఖాళీ అవుతుంది, పక్కనున్న బావికి ఏమీ కాకపోవచ్చు. ఇలా జరగడానికి వీలుందని మాత్రమే చెబుతున్నాను. మీ ఊర్లో ఇదే జరిగిందని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు.

రెండు సంగతులు కావాలి. పెదనాయన గారి బోరులో జల ఎన్ని అడుగుల్లో ఉంది? మీ బోరులో, ఆయన బోరులో ఇప్పుడు నీళ్లు ఎన్ని అడుగుల కింద నిలబడి ఉన్నాయి? పోసే నీళ్ల గురించి కాదు నేనడిగేది, నిలబడిన నీళ్ల గురించి.

చీనీతోట

జల సంగతి అడిగి చెప్తా సార్. మట్టం ఎట్ల కొలవాల? బోర్లో మోటరు, పైపు, వైరు అన్నీ ఉన్నాయి.

గరుసునేల

కేసింగుకూ పైపుకూ మధ్య రెండు వేళ్లు పట్టే సందుంటే చాలు. 50 మీటర్ల టేపు తీసుకోండి, కొసకు చిన్న బరువు కట్టండి. ఆఖరి రెండు మీటర్లకు చాక్‌పీసు రుద్దండి. ముందురోజు సాయంత్రం నుంచి మోటరు ఆపి ఉంచాలి. తెల్లవారి కరెంటు రాకముందే టేపు దించండి. కేసింగు అంచు దగ్గర ఎంత అంకె ఉందో రాసుకుని పైకి లాగండి. చాక్‌పీసు ఎక్కడిదాకా తడిసిందో అది తీసేస్తే మట్టం వస్తుంది. ప్రతిసారీ అదే అంచు నుంచి కొలవాలి. కేసింగు నేల మీద ఎంత ఎత్తుందో కూడా రాయండి. వైరుకు చుట్టుకుంటే గుంజకండి, మెల్లగా తిప్పండి.

వంకఒడ్డు (ఎర్రగుంట్ల)

తోడిన నీళ్ల గురించి ఎవరూ అనలేదు. మేం వంకకు దిగువన ఉంటాం. పైన గుంత నీళ్లు వదిలినన్నాళ్లూ మాకు పండగే. ఎండాకాలంలోనూ వంక పారేది, కుంట నిండేది, బావుల్లో చెయ్యి పెడితే నీళ్లు. వరి కూడా వేసినారు కొందరు. గుంత పని ఆగిన ఏడాది పంపులాగినాయి, వంక ఎండింది, బావులు దిగినాయి. ఆ నీళ్లు మావి కావని అప్పుడు గానీ తెలీలేదు. పై ఊరోళ్ల నీళ్లు మా బావుల్లో పడినాయి, అంతే.

ఇంకోటి. పాలిషు ఫ్యాక్టరీల రాతిపొడి బురద వంకలో పోస్తారు చూడు, అది ఎండితే సిమెంటు పూత పూసినట్టే. దాని మీద వాననీళ్లు జారిపోతాయే గానీ ఇంకవు. మేం ఒకసారి గడ్డపారతో పొడిచి చూసినాం, జానెడు మందం ఉంది, కింద ఇసుక పొడిపొడిగా.

నాపరాయి

బురద సంగతి ఒప్పుకుంటా. అది పోసేవాళ్లను మేమూ తిడతాం.

పెన్నఒడ్డు (పులివెందుల వైపు)

నీళ్లు తగ్గడం ఒక బాధ, ఉన్న నీళ్లు మారడం ఇంకో బాధ. తుమ్మలపల్లె యురేనియం గని పేరు అందరికీ తెలిసిందే. 2018-19లో అక్కడి వ్యర్థాల చెరువు చుట్టుపక్కల ఊళ్ల బోర్ల గురించి పేపర్లలో చాలా వచ్చింది. మా ఊరు దూరమే, ఎవరి మీదా నేనేమీ అనడం లేదు. నాకు అర్థం కానిది, గని నుంచి నీళ్లలోకి ఏదైనా ఎట్ల దిగుతుంది? మరగబెడితే పోతుందా?

గరుసునేల

మరగబెడితే పోదు. ఆవిరయ్యేవి నీళ్లే, లోహం గిన్నెలోనే ఉండి ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌వో యంత్రం చాలావరకు తీసేస్తుంది.

ఎలా దిగుతుందంటే, అది రాయిని బట్టి ఉంటుంది. బొగ్గు, రాగి గనుల్లో గంధకం కలిసిన ఇనుప ఖనిజం ఉంటుంది. రాయి లోపల ఉన్నంతకాలం దానికి గాలి తగలదు. తవ్వి బయట పోస్తే గాలీ వానా తగిలి గంధకామ్లం పుడుతుంది, ఆ ఆమ్లం మిగతా లోహాలను కరిగిస్తుంది. కడప సున్నపు రాళ్లలో ఈ భయం తక్కువ, పుట్టిన ఆమ్లాన్ని సున్నమే చంపేస్తుంది. అలాగని యురేనియం విషయంలో నిశ్చింతగా ఉండలేం. అది బైకార్బొనేటు ఉన్న నీళ్లలో హాయిగా కరుగుతుంది. తుమ్మలపల్లె ఖనిజం సున్నపురాయి లాంటి డోలమైటు రాయిలో ఉంది కాబట్టే అక్కడ ఆమ్లం వాడరు, సోడా కార్బొనేటు, బైకార్బొనేటులతో ఖనిజాన్ని కరిగిస్తారు. ఆ వ్యర్థాల్లో సోడియం ఎక్కువ. అలాంటి ఊట ఎక్కడ నేలలోకి దిగినా నల్లరేగడి చౌడెక్కినట్టు గట్టిపడుతుంది.

మరో వైపు కూడా చూడాలి. ఏ గనీ లేని గ్రానైటు ఊళ్లలో కూడా బోరు నీళ్లలో యురేనియం, ఫ్లోరైడు సహజంగానే ఉంటాయి. అనంతపురం ఫ్లోరైడుకు గనులతో పని లేదు. తాగేనీళ్లలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన గీత 60. ఒక బోరులో 45 వచ్చిందనుకోండి, అది గనిదా నేలదా? గని రాకముందు అదే బోరులో ఎంత ఉందో తెలిస్తే తప్ప ఎవరూ చెప్పలేరు.

ముగ్గుపిండి (రాజంపేట)

మాకు మంగంపేట దగ్గర. ప్రపంచంలోనే ఒక్కచోట ఇంత ముగ్గురాయి (బెరైటీస్) ఇంకెక్కడా లేదంటారు. ఆ గుంత అంచున నిలబడితే కింద లారీలు అగ్గిపెట్టెల్లా కనిపిస్తాయి. ముగ్గురాయి అంటే బేరియం కదా, బేరియం విషం అని ఎక్కడో చదివాను. మా నీళ్లకు ప్రమాదమా?

గరుసునేల

బేరియం విషమే, కానీ ముగ్గురాయి రూపంలో ఉన్న బేరియం నీళ్లలో దాదాపు కరగదు. కడుపు ఎక్స్‌రే తీసేముందు ఆసుపత్రిలో తెల్లటి ద్రవం తాగిస్తారు కదా, అది ఇదే పదార్థం. మీరు గమనించాల్సింది గుంత లోతు వల్ల బావుల మట్టం ఏమవుతోందన్నది.

సుద్దముక్క (కడప, నిర్వాహకులు)

రాజకీయాలు రాసిన రెండు పోస్టులు తీసేశాను. చీనీతోట ఏడి? కొలత ఏమైంది?

చీనీతోట, డిసెంబర్ 20

వచ్చినా అన్నా. టేపు తాడిపత్రిలో దొరకలా, అనంతపురం నుంచి తెప్పించినా. మొదటిసారి వైరుకు చుట్టుకుని నాన్నతో తిట్లు తిన్నా.

మా బోరు: 128 అడుగులు. పెదనాయన బోరు: 141. ఊరికి తూర్పున, గుంతకు రెండున్నర కిలోమీటర్ల దూరంలో గుడి మాన్యం బోరు ఉంది, దాంట్లో 62. పెదనాయన బోరు 260 అడుగులు, జల 190లో ఉందంట. మా బోరు వేసిన నాడు నాన్న తాడు దించి చూసినాడంట, అప్పుడు 60 అడుగుల్లోనే నీళ్లు ఉన్నాయి.

గరుసునేల

మీ చిక్కు ఇక్కడే విడిపోయింది, చూశారా? మీ జల 95లో ఉంది, నీటిమట్టం 128కి దిగింది. ట్యాంకులో నీళ్ల కన్నా ఎత్తులో కుళాయి బిగించినట్టు, మీ జల గాల్లో ఉండిపోయింది. ఇప్పుడు మీకు పోసే అరగంట నీళ్లు బోరు గొట్టంలో రాత్రంతా ఊరినవే. పెదనాయన గారి జల 190లో ఉంది, ఇంకా మునిగే ఉంది. కాబట్టి ఆయనకు తేడా తెలియడం లేదు. నిజానికి ఆయన మట్టం మీకన్నా 13 అడుగులు లోతు. గుంతకు దగ్గరగా ఉన్నది ఎక్కువ దిగింది, దూరంగా ఉన్నది తక్కువ దిగింది, ఇంకా దూరంగా ఉన్నది బాగుంది. గరాటు ఇలాగే ఉంటుంది.

ఒక మాట, ఈ మూడు చోట్లా నేల ఎత్తు ఒకటేనా? నేల వాలుంటే ఈ అంకెలను నేరుగా పోల్చకూడదు.

చీనీతోట

సార్, చదివి పెదనాయన కాడికి పరిగెత్తినా. ఆయన "నాదీ ఎండుతాదా అయితే" అన్నాడు. ఆ రాత్రి భోజనం చేయలేదంట, పెద్దమ్మ నన్ను తిట్టింది.

నేల వాలు మా ఊర్లో తక్కువ. సర్వేయరు ఒకాయన లెవెలు పట్టి చూసినాడు. మా చేను కన్నా పెదనాయన చేను మూడడుగులు ఎత్తు, గుడి మాన్యం అయిదడుగులు పల్లం.

నాపరాయి

మూడు, అయిదు అడుగులు తీసేసినా గరాటు గరాటే, కాదనను. కానీ ముప్పై నాలుగు బోర్లు కూడా గరాటు చేస్తాయి కదా సార్. గుంతదా, రైతులదా అన్నది ఎట్ల తేలుస్తారు?

గరుసునేల

సరైన ప్రశ్న. రెండింట్లో ఒకటి ఆగి, రెండోది నడిచిన కాలం దొరకాలి. 2020 లాక్‌డౌన్‌లో మీ దగ్గర గుంత పంపులు ఆగాయా?

చీనీతోట

మా చిన్నాయన కొడుకు ఆ గుంతలోనే టిప్పరు తోల్తాడు. వాడిని అడిగినా. మార్చి ఆఖర్లో మనుషులు లేక అంతా ఆపేసినారంట, ఏప్రిల్ చివర్లో మళ్లీ మొదలుపెట్టినారంట. ఆ నెల గుంత అడుగున నీళ్లు నిలబడినాయంట. రైతుల మోటార్లు మాత్రం ఆగలేదు, చీనీ చెట్లకు లాక్‌డౌన్ ఏముంటాది?

ఇంకొకటి దొరికింది. నాన్న గోడ క్యాలెండర్లు పారేయడు, పెట్టెలో అడుగున పరుస్తాడు. ప్రతి తేదీ గడిలో ఆ పొద్దు ఎన్ని వరుసల చెట్లు తడిసినాయో పెన్సిలుతో రాస్తాడు. ఎందుకని అడిగితే "కూలోడికి చెప్పేదానికి" అన్నాడు. 2017 ఏప్రిల్‌లో 14, 14, 13. 2020 మార్చిలో 9, 9, 8. అదే ఏప్రిల్ రెండో వారం 10, మూడో వారం 11, 12. మే నెలలో మళ్లీ 9. ఆ రెండు నెలలు వాన గడిలో ఏమీ లేదు. వాన పడితే నాన్న చిన్న గొడుగు బొమ్మ వేస్తాడు.

నాపరాయి

2017లో మనకు కరెంటు ఏడు గంటలే. 2019 తర్వాత తొమ్మిది. అంటే రెండు గంటలు ఎక్కువ తోడినా అయిదు వరుసలు తగ్గినాయి. చుక్క వాన లేని ఏప్రిల్‌లో పెరిగినాయి. అబ్బా, మీ నాన్న క్యాలెండరు ముందు నా వాదన నిలబడేట్టు లేదు.

బోరుబండి

ఆయన్ని మా బండి మీదికి పంపు తమ్ముడూ, జీతమిస్తా.

గరుసునేల

తొందరపడకండి. చేతిరాత మీద ఒక్క నెల ఆధారం ఇది. ఇంకో సంగతి కూడా చూడండి. 2021 నవంబరులో మన జిల్లాలన్నీ మునిగాయి, చెరువులు అలుగులు పారాయి. అప్పుడు క్యాలెండరు ఏమంటోంది?

చీనీతోట

2021 డిసెంబర్‌లో 13 వరుసలు. 2022 ఫిబ్రవరికి 9కి దిగింది. గుడి మాన్యం బోరుకు ఆ ఎండాకాలమంతా ఏమీ కాలేదని పూజారి చెప్పినాడు.

రామగిరిగాలి (రామగిరి)

చీనీతోట రెండో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. మూసినాక ఏమవుతుంది? మా దగ్గర బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. పంపులాగిపోతే లోపలి సొరంగాలు నిండక మానవు. కోలారులో కూడా అదే జరిగింది. నీళ్లు తిరిగొస్తాయి, సరే. కానీ ఎలాంటి నీళ్లు? గని దిబ్బల కింది నుంచి వచ్చే నీళ్లు తాగాలంటే భయంగా ఉంటుంది.

గరుసునేల

పంపులాగాక మట్టం పైకి రావడం మొదలవుతుంది. అందుకు కొన్ని ఏళ్లు పట్టొచ్చు, దశాబ్దాలు పట్టొచ్చు. గుంత ఎంత పెద్దది, రాయి ఎంత ఊరుతుంది, వాన ఎంత పడుతుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. మొదట వచ్చే నీళ్లు తరచుగా చెడ్డవే. ఎండి గాలి తగిలిన రాతి మీద లవణాలు పేరుకుని ఉంటాయి, నీళ్లు పైకి లేస్తూ వాటిని కడిగి తెస్తాయి. పేలుడు మందుల్లోని అమ్మోనియం నైట్రేటు మిగులు కూడా ఇందులో కలుస్తుంది. మెల్లగా తేటపడొచ్చు. బంగారు గనుల్లో ఖనిజాన్ని సయనైడుతో కడుగుతారు కాబట్టి ఆ దిబ్బల పక్కన కూర్చుని తేటపడేదాకా చూద్దాం అనకండి, పరీక్ష చేయించండి.

పూడ్చకుండా వదిలేసిన తెరిచిన గుంత మరో రకం. అది చెరువవుతుంది, కానీ మామూలు చెరువు కాదు. భూగర్భజలాన్నే ఎండకు పరిచినట్టు. పదెకరాల నీటి ముఖం నుంచి ఏడాదికి ఒకటిన్నర మీటరు ఆవిరవుతుందని వేసుకోండి, ఆరు కోట్ల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు పన్నెండు వేలు.

నాపరాయి

సార్, ఆ గుంత మీద వాన పడదా?

గరుసునేల

దొరికిపోయాను. అనంతపురం సగటు వాన 55 సెంటీమీటర్లు వేస్తే రెండు కోట్ల ఇరవై లక్షల లీటర్లు వెనక్కి వస్తాయి. మిగిలింది మూడు కోట్ల ఎనభై లక్షలు, ఏడు వేల ఆరు వందల ట్యాంకర్లు. అది ఏటా చుట్టుపక్కల రాళ్ల నుంచే వస్తుంది. అంటే గని మూసినా గరాటు పూర్తిగా పూడదు, పలచబడి అలాగే ఉంటుంది. ఆవిరయ్యేవి నీళ్లు, ఉప్పు మిగిలిపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ గుంత నీళ్లు మొదట కొంచెం ఉప్పగా మారి, తర్వాత బాగా ఉప్పవుతాయి.

పెన్నఒడ్డు

మా వైపు బ్రాహ్మణపల్లె రాతినార (ఆస్‌బెస్టాస్) గనులు మూసి చాలా ఏండ్లయింది. గుంతలు అట్లనే ఉన్నాయి. పిల్లలు ఈతకు పోతారు. మూసే ముందు పూడ్చాలని రూలు లేదా?

సుద్దముక్క

పెద్ద ఖనిజాల గనులకు మూసివేత ప్రణాళిక ఉండాలి, బ్యాంకు గ్యారంటీ పెట్టాలి. ఇవి 2003 నుంచి ఉన్న నిబంధనలు. అంతకుముందు వదిలేసినవాటికి నాథుడు లేడు. 2015 చట్ట సవరణతో జిల్లా ఖనిజ నిధి వచ్చింది. పాత లీజులైతే రాయల్టీలో 30 శాతం, వేలంలో ఇచ్చినవైతే 10 శాతం అందులో పడాలి. తాగునీరు దాని ఖర్చులో మొదటి వరుసలో ఉంటుంది. మీ గ్రామసభలో తీర్మానం చేసి కలెక్టరేటుకు పంపితే కదలిక ఉంటుంది. ఊరికే వినతిపత్రం ఇస్తే ఫైలు కింద ఫైలు.

చీనీతోటకు: ఆ గుంతకు పర్యావరణ అనుమతి పత్రం ఉంటుంది. అందులో దాదాపు ఎప్పుడూ కనిపించే షరతులు రెండు. నీటిమట్టం కిందికి దిగేముందు మళ్లీ అనుమతి తీసుకోవాలి. చుట్టుపక్కల బావుల మట్టం ఏడాదికి నాలుగుసార్లు, వానలకు ముందు, వానల్లో, వానల తర్వాత, చలికాలంలో కొలిచి పంపాలి. ఆరు నెలలకోసారి పంపే ఆ నివేదికలు సమాచార హక్కు కింద అడుగు. పది రూపాయలు, ముప్పై రోజులు. గని రాకముందు పెట్టిన పర్యావరణ నివేదికలో మీ ఊరి బావుల మట్టం ఉందేమో కూడా చూడు. కాకపోతే అది తరచుగా ఒక్క సీజను కొలతే. మీ నాన్న క్యాలెండరు దానికన్నా పొడవు.

చీనీతోట

దరఖాస్తు పెట్టినా అన్నా. టిప్పరు తోలే తమ్ముడు మాత్రం "నా పేరు ఎక్కడా రానియ్యొద్దు, ఉద్యోగం పోతాది" అన్నాడు. మా ఇంట్లో సగం కూడు ఆ గుంతదే. గుంత మూయించాలని నేను ఎప్పుడూ అనలేదు.

సంక్రాంతికి మూడు రోజులు పంపులు ఆపుతారంట, మరమ్మతు ఉందంట. ఆ మూడు రోజులు కొలవనా సార్?

గరుసునేల

తప్పకుండా. కానీ పండగకు రైతుల మోటార్లు కూడా ఆగితే మళ్లీ పాత గొడవే. వాటిని మామూలుగానే నడవనివ్వాలి.

చీనీతోట

అందరికీ ఆటో స్టార్టర్లు ఉన్నాయి సార్. కరెంటు వస్తే అవే లేస్తాయి. ఆపొద్దని ఇంటింటికీ చెప్పొస్తా.

చీనీతోట, జనవరి 19

రోజూ పొద్దున అయిదున్నరకు కొలిచినా.

మా బోరు: 12న 128 అడుగుల 4 అంగుళాలు. 13 సాయంత్రం పంపులు ఆగినాయి. 14న 127 అడుగుల 5. 15న 126 అడుగులు. 16న 124 అడుగుల 9. ఆ మధ్యాహ్నం పంపులు మళ్లీ పెట్టినారు. 18న 126 అడుగుల 6.

పెదనాయన బోరు: 12న 141, 16న 133, 18న 138.

గుడి మాన్యం: 62 అడుగుల 2 అంగుళాలు, నాలుగు రోజులూ ఒక అంగుళం తేడా.

రైతుల మోటార్లు ముప్పై నాలుగులో ముప్పై ఒకటి నడిచినాయి. కనుమ నాడు గూడా తిరిగి చూసొచ్చినా.

గరుసునేల

ఆ మూడు ఏ బోర్లు? మీకు దగ్గరివా?

చీనీతోట

రెండు గుడి పక్క, ఒకటి ఊరి చివర. మాకు దగ్గర ఏదీ కాదు.

గరుసునేల

అయితే ఈ అంకెలు, క్యాలెండర్ల ఫొటోలు, సర్వేయరు లెవెలు కాగితం, అన్నీ కలిపి భూగర్భజల శాఖ జిల్లా కార్యాలయంలో ఇవ్వండి, ఒక కాపీ మీద రసీదు వేయించుకోండి. గుంత నీళ్లు వంకలోకి కాకుండా మీ ఊరి కుంటలోకి పైపు వేసి వదలమని అడగండి. అది వాళ్లకు కూడా పెద్ద ఖర్చు కాదు. ముందు ఆ నీళ్లు పరీక్ష చేయించండి. నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు, చెట్లకు పరవాలేదు. ఉప్పు శాతం మాత్రం చూడండి, చీనీ చెట్టు ఉప్పు తట్టుకోదు.

నాపరాయి

మార్చి రీడింగు కూడా పెట్టు. కుంటకు పైపు వేస్తే మా దగ్గర పాత ఆరించుల పైపు ఇరవై లెంతులు ఉన్నాయి, లారీ బాడుగ నువ్వు పెట్టుకుంటే తీసుకుపో.

ముగ్గుపిండి

నేనూ మా ఊర్లో మొదలుపెడుతున్నాను. టేపు తెచ్చాను. చాక్‌పీసు మామూలు తెల్లదేనా?

చీనీతోట

నీలిది తీసుకో అక్కా. తెల్లది తడిస్తే ఆ పొద్దున చీకట్లో గీత కనపడదు.